గవర్నరు పట్టె

మా ఇంట్లో పదవులు రెండే. మగ్గానికి కుడివైపు కూర్చునేది ఒకటి, ఎడమవైపు కూర్చునేది ఒకటి. కుడివైపు మా బాపు, ఎడమవైపు మా ఆయన. నాకు ఏ పదవీ లేదు కాబట్టి ఇద్దరి పాలన గురించీ ఉన్నదున్నట్టు చెప్పగలిగే మనిషిని నేనే.

మాది వరంగల్ కొత్తవాడ. జంఖానాలు నేసే ఇల్లు. పెళ్ళిళ్ళలో, సభల్లో పరిచే వెడల్పాటి జంఖానా ఒక్క మనిషి చేతులకు అందేది కాదు. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని నేయాలి. ఒకరు నూలు కండె పెట్టిన నాడె విసిరితే రెండోవారు అందుకుని తిరిగి విసరాలి. నాడె దాటిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి పలకను తమవైపు లాగి పోగును బిగించాలి. ఆ దెబ్బ ఒక్కటిగా వినపడాలి. రెండుగా వినపడిందంటే గుంటలో ఏదో తేడా వచ్చినట్టే. అట్లా కలిసి నేసే ఇద్దరినీ జోడి అంటాం. మా వాడలో పిల్లకు సంబంధం కుదిరినంత తేలిగ్గా మగ్గానికి జోడి కుదిరేది కాదు.

మా ఇంటి జోడి మామా అల్లుళ్ళది. నేను ఒక్కతే కూతుర్ని. అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. బాపు తన అక్క కొడుకును ఇల్లరికం తెచ్చుకున్నాడు. పిల్లకు మొగుణ్ణి వెతికాడో, మగ్గానికి జోడిని వెతికాడో ఇప్పటికీ చెప్పలేను. రెండూ బాగానే కుదిరాయి, అది మాత్రం చెప్పగలను.

వాళ్ళిద్దరికీ పడనిది రాజకీయం ఒక్కటే. బాపుది పాత పార్టీ. నా చిన్నప్పుడు మాకు సొంత గోడ లేదు. మగ్గం ఒకరి వసారాలో ఉండేది, మేము ఇంకొకరి కొట్టంలో పడుకునేవాళ్ళం. డెబ్బైలలో ఆ పార్టీ సర్కారు మాకు ఇంటి జాగ ఇచ్చింది. బాపు ఆ జాగలో ముందు మగ్గం గుంట తవ్వి, ఆ తర్వాత దాని చుట్టూ ఇల్లు కట్టాడు. అమ్మ మట్టి తొక్కింది. అప్పటినుంచి ఆ పార్టీ గురించి ఎవరు ఏం మాట్లాడినా బాపు ఆ గోడల వైపు చూసి జవాబు చెప్పేవాడు.

మా ఆయనది కొత్త పార్టీ. ఎనభైల్లో ఆ పార్టీ గెలిచి కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. అప్పటిదాకా మా ఇంట్లో పొద్దుటిపూట జొన్న గటక, రాత్రిపూట అన్నం. బియ్యం వచ్చాక రెండు పూటలా అన్నమే.

"జాగల కూసొని మన్ను తింటవా మామా?" అనేవాడు మా ఆయన.

"జాగ లేకుంటే నీ బియ్యం యాడ వండుకుంటవ్ రా?" అనేవాడు బాపు.

ఆ జాగ ఊడ్చేదాన్నీ నేనే, ఆ బియ్యం వండేదాన్నీ నేనే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే రెండూ బాగున్నాయని చెప్పి ఇద్దరిచేతా తిట్లు తినేదాన్ని. ఓటు ఎవరికి వేశావని మా ఆయన ఒకటి రెండుసార్లు మెల్లిగా ఆరా తీశాడు. చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

పొద్దున రేడియోలో వార్తలు విన్నాకే ఇద్దరూ మగ్గంలోకి దిగేవారు. ఇక సాయంత్రం దాకా నాడెతోపాటు మాట కూడా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పోతూ ఉండేది. ఒక మంత్రిని ఒకరు పైకి లేపితే ఇంకొకరు కింద పడేసేవారు. నేను వాకిట్లో కండెలు చుడుతూ వినేదాన్ని. మాటలు వినేదాన్ని కాదు, దెబ్బ వినేదాన్ని. ఎంత అరుచుకున్నా దెబ్బ ఒక్కటిగానే పడేది. అది సరిగ్గా ఉన్నంతసేపు నాకు ఇంటి గురించి ఏ ఫికరూ ఉండేది కాదు.

అట్లా నడుస్తుండగా ఒక వానాకాలం ఆ కొత్త పార్టీ ముఖ్యమంత్రిని గవర్నరు తీసేశాడని రేడియోలో చెప్పారు.

అప్పుడు మగ్గం మీద నర్సంపేట టెంట్‌హౌస్ ఆయన నేయమని చెప్పిన పెద్ద జంఖానా ఉంది. ఎర్రటి నేల, దాని మీద అడ్డంగా నీలం పట్టెలు. ఆ టెంట్‌హౌస్ ఆయన అన్ని పార్టీల సభలకూ పందిళ్ళు వేసేవాడు. ఆ జంఖానా మీద రేపు ఎవరు కూర్చుంటారో మాకెవరికీ తెలియదు, అయినా దాన్ని నేస్తూనే వీళ్ళిద్దరూ కొట్లాటకు దిగారు.

వార్త విన్న మా ఆయన మగ్గంలో కూర్చుని నాలుగు పోగులు వేశాక అన్నాడు.

"మనం ఓట్లేసి కూసోవెడితిమి. దింపెతందుకు గవర్నర్ ఎవలు? గవర్నర్‌కు నువ్వు ఓటేసినవా మామా?"

"ఎమ్మెల్యేలు ఆయన దిక్కు లేరంటాండ్రు. లేకుంటే గవర్నర్ ఏం జెయ్యాలె? కండ్లు మూసుకొని కూసుండాల్నా?"

"లేరని ఎట్ల ఎరుక? అసెంబ్లీల నిలవెట్టి చూసిండ్రా?"

"గవర్నర్ సాబ్‌కు ఎరుక లేనిది కొత్తవాడల నీకు ఎరుకైందా?"

అక్కడితో ఆగినా బాగుండేది. బాపు పాత రోజులు తవ్వడం మొదలుపెట్టాడు. డెబ్బైలలో కొన్నాళ్ళు రాష్ట్రంలో మంత్రులెవరూ లేకుండా గవర్నరు పాలన నడిచింది. ఆ కాలం అంత మంచి కాలం మళ్ళీ రాలేదని బాపు వాదన.

"గప్పుడు సుత గవర్నరే నడిపిండు. ఆఫీసర్లు టైముకు వచ్చేటోళ్ళు. మన సొసైటీకి నూలు ఒక్క చిలప తక్కువ రాలే."

"గప్పుడు నూలు యాడిది మామా? మా నాయిన పొద్దంత లైన్ల నిలవడి ఒట్టి చేతులతోటి వచ్చేది. నాకు మంచిగ యాదికున్నది."

"మీ నాయిన ఆలస్యంగ లేస్తడు. దానికి గవర్నర్ ఏం జేస్తడు?"

ఒకే వాడ, ఒకే సొసైటీ, ఒకే ఏడు. ఒకరికి నూలు దొరికింది, ఒకరికి దొరకలేదు. చివరికి ఆ ఏడు వానలు బాగా పడ్డాయని బాపు, అసలు పడనేలేదని మా ఆయన. మనిషి పార్టీని బట్టి మబ్బులు కూడా మారతాయని నాకు ఆ రోజే తెలిసింది. నవ్వుకుంటూ కండె చుట్టుకున్నాను. దెబ్బ ఇంకా ఒక్కటిగానే పడుతోంది మరి.

మరునాడు బాపు మూలమీది చాయ్ హోటల్ దాకా వెళ్ళి, చేతిలో లడ్డూల పొట్లంతో వచ్చాడు. అక్కడ పాత పార్టీ వాళ్ళు పంచుతున్నారట. మా ఆయన అప్పటికే మగ్గంలో ఉన్నాడు. బాపు పొట్లం విప్పి ఒక లడ్డూ తీసి, నేసిన బట్ట మీద, మా ఆయన ఎదురుగా పెట్టాడు.

"తిను అల్లుడా. గవర్నర్ సాబ్ పంపిండు."

మా ఇళ్ళల్లో మగ్గం మీద తినే వస్తువు పెట్టరు. మంచినీళ్ళ చెంబు కూడా దూరంగానే ఉంచుతారు. పసిపిల్లలకు మాటలు రాకముందే నేర్పే సంగతి అది. నాకు ఆ కట్టడి నేర్పింది బాపే. అదే బాపు నవ్వుతూ లడ్డూ పెట్టాడు. ఎర్ర నూలు మీద నెయ్యి మరక నా కళ్ళముందే పాకింది.

మా ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి.

"ఇంటి జాగకు ఓటు అమ్ముకున్నోనివి. నీకు గవర్నర్ అయితేంది, ఇంకెవడైతేంది!"

"అమ్ముకుంటే అమ్ముకున్న. గా జాగల కట్టిన ఇంట్లనే కూసొని తింటానవ్. ఇది నా ఇల్లు."

ఇల్లరికపు అల్లుణ్ణి ఏమైనా అనొచ్చు గానీ ఆ ఒక్క మాట అనకూడదు. మా పెళ్ళయినప్పటినుంచి ఎవరూ అనలేదు. ఎదురింటివాళ్ళు కూడా అనలేదు. బాపు అన్నాడు. అన్నవెంటనే ఆయన ముఖం కూడా మారింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు ఇద్దరూ మాట లేకుండా నేశారు. వాకిట్లో కూర్చున్న నాకు మొదటిసారి రెండు దెబ్బలు వినపడ్డాయి. ముందు బాపుది, గట్టిగా. వెనకాల మా ఆయనది, పడీ పడనట్టు. కండెలు ఇవ్వడానికి లోపలికి వెళ్ళి చూస్తే, అప్పుడే వేస్తున్న నీలం పట్టె ఏటవాలుగా నడుస్తోంది. బాపువైపు పోగులు ఒకదానిమీద ఒకటి బిగుసుకుపోయాయి. మా ఆయనవైపు వేలు దూరేంత వదులు.

"పట్టె వంకర వోతాంది, చూస్తలేరా?" అన్నాను.

"నీ మొగనికి చెప్పు. చేతుల పానం లేదు," అన్నాడు బాపు.

"మీ బాపుకు చెప్పు. నూలుమీద కోపం తీస్తాండు," అన్నాడు మా ఆయన.

భుజానికి భుజం తగిలేంత దగ్గర కూర్చున్నవాళ్ళకు నడుమ కబురు మోయడానికి నేను! ఒళ్ళు మండింది. "మీ నోర్లు పడిపొయినయా?" అని కండెల గంప అక్కడే కింద పెట్టేసి వచ్చాను. సాయంత్రం మా ఆయన మగ్గంలోంచి లేచి, రెండు చొక్కాలు సంచిలో వేసుకుని పక్క వీధిలో ఉన్న వాళ్ళ చిన్నమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో మా వాడ నుంచి కుర్రవాళ్ళు గుంపులుగా మహారాష్ట్రలోని భీవండి పోతుండేవారు. అక్కడంతా కరెంటు మగ్గాలు, మా భాషలో సాంచెలు. సాంచెకు జోడి అక్కరలేదు. వినాయకుణ్ణి నీళ్ళలో వేశాక ఒక గుంపు బయలుదేరబోతోందనీ, తాను కూడా వాళ్ళతో వెళ్తున్నాననీ మా ఆయన నాతో వచ్చి చెప్పాడు. బాపు ఇంట్లో లేని సమయం చూసి వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు.

"నువ్వు సుత రా. ఆడ ఒక రూమ్ తీసుకుందాం. ఎవని ఇల్లని ఎవ్వడు అనడు."

"పడుగుమీద సగం బట్ట ఇడిసివెట్టి నేను యాడికి రాను."

"గది మీ బాపు జంఖానా."

"సగం నీదే. నీ దిక్కు ఒదులుగున్నది, పోయి చూస్కో."

ఆయన వెళ్ళిపోయాడు. నాకు భయం వేసింది. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా లోపల చాలా భయం వేసింది. భీవండి పోయినవాళ్ళు ఏడాదికోసారి పండక్కి వచ్చి, నూలుదుమ్ముకు దగ్గుతూ తిరిగిపోవడం చూస్తూనే ఉన్నాను. ఆయనంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. బావ కాబట్టి కాదు, మనిషిని చూసే ఇష్టం. బాపును ఒంటరిగా వదిలేయడమూ నావల్ల కాదు. హైదరాబాదులో ఎవరో ఎవరినో కుర్చీ దింపితే వరంగల్‌లో నా కాపురం ఎందుకు కూలాలి అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కొంగు నడుముకు చుట్టి మగ్గం గుంటలోకి దిగాను.

వెడల్పు మగ్గం మీద ఆడవాళ్ళు కూర్చోవడం మా వాడలో లేదు. మేము నూలు తోడతాం, కండెలు చుడతాం, రంగులు ఆరేస్తాం. పలక లాగే బలం ఆడదాని చేతుల్లో ఉండదని మగవాళ్ళు తీర్మానం చేశారు, మేమూ సరే అనుకున్నాం. బాపు లోపలికి వచ్చి, ఎడమవైపు కూర్చున్న నన్ను చూసి నిలబడిపోయాడు.

"లే బిడ్డా. నలుగురు చూస్తే ఏమంటరు?"

"ఏమన్న అననీ. ఆయనను లేపినవు. జాగ ఖాళీగున్నది. నేను కూసున్న."

"నీతోని కాదు."

"కాకుంటే గప్పుడు చెప్పు."

బాపు గొణుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. మొదట నాడె పట్టుకోలేక రెండుసార్లు కింద పడేశాను. చిన్నప్పటినుంచి చూస్తున్న పనే, అయినా చూడడం వేరు. భుజాలు పట్టేశాయి. కానీ దెబ్బ ఎప్పుడు పడాలో నాకు తెలుసు, ఎన్నేళ్ళుగానో దాన్ని వింటూ బతికినదాన్ని. కాసేపటికి రెండు దెబ్బలు దగ్గరయ్యాయి, ఆ తర్వాత ఒక్కటయ్యాయి. మరునాటికి దారిన పోయే ఆడవాళ్ళు కిటికీ దగ్గర ఆగి చూడడం మొదలుపెట్టారు. నేను తల ఎత్తలేదు గానీ వాళ్ళు చూస్తున్నారని తెలిసి దెబ్బ ఇంకా గట్టిగా వేశాను.

వంకర పోయిన పట్టె తర్వాత మళ్ళీ తిన్నగా రావాలంటే కొంతదూరం నావైపు గట్టిగా, బాపువైపు మెత్తగా కొట్టాలి. ఆయన కోపంలో బిగించిన బిగువు మరి.

"జర మెల్లగ కొట్టు బాపు."

"నాకు చెప్తానవా? నువ్వు పుట్టకముందు నుంచి కొడ్తాన."

"గందుకే చెప్తాన. మెల్లగ."

ఆయన మెల్లగా కొట్టాడు. ఆయనకు అది ఎంత కష్టమో పక్కన కూర్చున్న నాకు మోచేతి కదలికలోనే తెలిసింది. జానెడు నేసేసరికి పోగులు సమానంగా వచ్చాయి. బాపు నాడె చేతిలో పట్టుకుని ఆగిపోయి, ఎటో చూస్తూ అన్నాడు.

"మీ అమ్మతోని సుత ఈ పని అయ్యేదేమో. ఎన్నడు అడగలే."

నేను నాడె కోసం చెయ్యి చాపాను.

జంఖానా పూర్తయింది. నర్సంపేట ఆయన వచ్చే రోజు కూడా దగ్గరపడింది. బాపు కత్తి తెచ్చి నీళ్ళు చల్లి, బట్ట అంచు చూపించి నన్ను పట్టుకోమన్నాడు.

ఇక్కడ మా మగ్గాల కట్టడి ఇంకొకటి చెప్పాలి. పడుగు ఎక్కించిన రోజు ఏ ఇద్దరు మగ్గానికి దండం పెట్టి కూర్చుంటారో, కోత రోజు ఆ ఇద్దరే ఉండాలి. ఒకరు అంచు పట్టుకుంటే ఒకరు కోస్తారు. జోడిలో ఒకరు లేకపోతే రెండోవాళ్ళు ఆగుతారు. ఊరెళ్ళినా, జ్వరంతో దవాఖానలో పడుకున్నా ఆగుతారు. ఆ మనిషి చచ్చిపోతేనే వేరేవాళ్ళు అంచు పట్టుకోవచ్చు. కోసేదాకా కొత్త పడుగు ఎక్కదు, మగ్గం ఊరికే ఉంటుంది.

"నేను పట్ట," అన్నాను.

"నేసింది నువ్వే గద. నువ్వే పట్టు."

"మొదలువెట్టింది నేను గాదు. నేను అంచు పట్టాల్నంటే ఆయన సచ్చిపోయి ఉండాలె. సచ్చిపోయిండా బాపు? పక్క వీధిల మంచిగ తిరుగుతాండు. నీ నోటితోని చెప్పు, నీ అల్లుడు సచ్చిపోయిండని. గిప్పుడే అంచు పట్టుకుంట."

బాపు చేతిలో కత్తి కిందికి దిగింది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కండువా తీసి ముఖం తుడుచుకుని బయటికి నడిచాడు. వాన పడుతోంది. నేను గొడుగు తీసుకుని వెనకే వెళ్ళాను.

మూలమీది చాయ్ హోటల్‌లో రెండు పార్టీల వాళ్ళూ రేడియో చుట్టూ కూర్చున్నారు. ముఖ్యమంత్రి సంగతి ఇంకా తేలలేదు, గవర్నరు చేసింది చెల్లుతుందనే బాపు పార్టీ వాళ్ళ ధీమా. అంటే ఆ పూటకు గెలిచిన పక్షం బాపుదే. మా ఆయన మూల బల్లమీద, భీవండి గుంపుతో కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళు ఆ హోటల్ మెట్టు ఎక్కరు కాబట్టి నేను చూరు కింద నిలబడ్డాను. బాపు లోపలికి వెళ్ళి ఆ బల్ల ముందు నిలబడ్డాడు.

"జంఖానా అయిపొయింది. కోతకు రా," అన్నాడు బాపు.

మా ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "వస్త. గవర్నర్ జేసింది తప్పని చెప్పు. వస్త."

"చెప్ప." బాపు గొంతులో జంకు లేదు. "గవర్నర్ జేసింది కరెక్టే. రేపు అడిగినా గదే చెప్త. సచ్చేదాక గదే చెప్త."

ఇక అయిపోయిందనుకున్నాను.

"గని నేను 'నా ఇల్లు' అన్నది తప్పు," అన్నాడు బాపు. "గా గుంట తవ్వినప్పుడు ఇద్దరు కూసునెటట్టు తవ్విన. ఒక్కనికి తవ్వలే. గది మర్సిపొయి మాట్లాడిన. మగ్గంమీద లడ్డూ పెట్టుడు సుత తప్పే. రా అల్లుడా."

తన పార్టీ వాళ్ళ ముందు, ఎదుటి పార్టీ వాళ్ళ ముందు, వాడంతా వినేటట్టు చెప్పాడు. అంత పంతం ఉన్న మనిషి ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఓడిపోయి అన్నది కాదు, పైచేయిగా ఉన్నప్పుడు అన్నాడు. మా బాపు నాకు ఆ రోజు నచ్చినంతగా ఇంకెప్పుడూ నచ్చలేదు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఓటు అమ్ముకున్నవన్నది నాది సుత తప్పే మామా," అన్నాడు. మెట్టు దిగుతూ, "గని గవర్నర్..." అన్నాడు.

"గది నడువుకుంట మాట్లాడుదాం," అన్నాడు బాపు.

నిజంగానే ఇల్లు చేరేదాకా మాట్లాడుకుంటూ నడిచారు. ఒకే గొడుగు కింద ఇద్దరూ అరుచుకుంటుంటే నేను వెనకాల వానలో తడుస్తూ వచ్చాను. గొడుగు నాదే.

మా ఆయన అంచు పట్టుకున్నాడు, బాపు కోశాడు. నేల మీద పరిచి చూస్తే నడుమ ఒక్క నీలం పట్టె పక్కకు ఒరిగి కనిపించింది. దాని తర్వాత నేను నేసినవన్నీ తిన్నగానే ఉన్నాయి. నర్సంపేట టెంట్‌హౌస్ ఆయన వచ్చి దాన్ని కాలితో తట్టి చూశాడు.

"గిదేంది, ఈడ వంకర వోయింది?"

"గది గవర్నర్ పట్టె," అన్నాను నేను. ఆయనకు అర్థం కాలేదు. చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు.

"పోనీయమ్మా. మీద జనం కూసుంటే వంకర ఎవలకు కనవడ్తది?" అని చుట్టి బండిలో వేసుకుని పోయాడు.

ఆ నెల తిరిగేసరికి గవర్నరు మారాడు. దింపిన ముఖ్యమంత్రి మళ్ళీ కుర్చీ ఎక్కాడు. వీధి మూల పటాకులు పేలాయి. మా ఆయన దోస్తులు ఆయన ముఖం నిండా గులాల్ పూశారు. ఆయన ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా ముందు వాకిట్లో బకెట్ దగ్గర కూర్చుని, గులాలంతా పోయేదాకా సబ్బుతో ముఖం కడుక్కుని, అప్పుడు మగ్గంలోకి దిగాడు. చెవి వెనక కొంచెం మిగిలింది. బాపు దాన్ని చూసి కూడా చూడనట్టు నాడె విసిరాడు. భీవండి మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

నేను మాత్రం దిగిన గుంటలోంచి పూర్తిగా లేవలేదు. బాపు అలిసిపోయినప్పుడు కుడివైపు, మా ఆయన ఊరెళ్ళినప్పుడు ఎడమవైపు కూర్చునేదాన్ని. ఎనభైల చివరికి బాపు కుడి భుజం పనిచేయడం మానేసింది. అప్పటినుంచి జోడి నేనూ మా ఆయనా. మమ్మల్ని చూసి మా వీధిలో ఇంకో రెండిళ్ళల్లో ఆడవాళ్ళు పలక పట్టారు. బాపు గడప దగ్గర పీట వేసుకుని, కండెలు చుడుతూ, రాజకీయం మాట్లాడుతూ మా దెబ్బ వినేవాడు.

ఆ చివరి ఏళ్ళలోనే మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి పాత పార్టీ గెలిచింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన గెలుపు అది. రేడియోలో చెప్పగానే బాపు చెప్పులేసుకుని మూలమీదికి వెళ్ళాడు. అక్కడ మిఠాయిలు పంచుతున్నారని వీధంతా తెలుసు. మా ఆయన నాడె చేతిలో పట్టుకుని వేయకుండా కూర్చున్నాడు. ఆయన భుజం బిగుసుకుపోవడం పక్కనున్న నాకు తగులుతోంది. నాకు ఆ పాత లడ్డూ గుర్తొచ్చింది.

బాపు తిరిగొచ్చాడు. వాకిట్లో బకెట్ దగ్గర ఆగి చేతులు కడుక్కున్నాడు. కండువాకు తుడుచుకుని, పీటమీద కూర్చుని, కండె అందుకున్నాడు. చేతుల్లో ఏమీ లేదు.

మా ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఏం మామా, గెలిస్తిరి గద. మిఠాయి తేలే?"

"ఆడనే తిన్న," అన్నాడు బాపు. "నాకు అరుగుతది అల్లుడా. మగ్గానికి అరగది."

మా ఆయన నాడె విసిరాడు. నేను అందుకున్నాను. దెబ్బ ఒక్కటిగా పడింది.